చెడుగుడు జట్టు – దాని జమాఖర్చులు

పండుగ దినములలోను, జాతర సమయములలోను మన పల్లెపట్టుల చెడుగుడు పందెములు జరుగుట చిరకాలముగ వచ్చుచున్న వాడుక. బరి చుట్టును చేరిన జనమునకు ఏడుగురు ఆటగాండ్రు కనుపింతురు, కూత వినిపించును, పట్టు పడినప్పుడు ఈలలు మ్రోగును. ఆ ఏడుగురును ఒకే దినమున, ఒకే చోట, ఆటకు తగిన ఒడలితో నిలువగలుగుటకు వెనుక ఎన్ని సర్దుబాట్లు జరిగినవో చూపరులకు తెలియదు. ఒకడు మేస్త్రీని బ్రతిమాలి సెలవు తెచ్చుకొన్నవాడు. ఒకడు ఆటోను అన్నకు అప్పగించి వచ్చినవాడు. ఇంకొకడు పరీక్ష ముగించుకొని నేరుగా బస్సెక్కినవాడు. పగలు వేరొక పనిచేసి పొట్టపోసికొనుచు, తీరిక వేళల ఆటనాడు ఇట్టివారితో జట్టు నెట్లు కట్టవలెను? రేపటికి ధనము చేత నుండునో ఉండదో తెలియని స్థితిలో వారికి ఏమని మాట యీయవలెను? ఈ ప్రశ్నలను నేడు కొంత విచారింతము.

మొదట జట్టు స్వరూపమును చూతము. కబడ్డీ నిబంధనల ప్రకారము బరిలో దిగువారు ఏడుగురు, వెలుపల వేచియుండువారు ఐదుగురు, వెరసి పన్నెండుగురు. ఆట నలువది నిమిషములు. నడుమ ఐదు నిమిషముల విరామము. కూతకు వెళ్ళువానికి ముప్పది సెకనులు మాత్రమే గడువు. ఈ పన్నెండుగురును ఒకే మచ్చున పోసినవారైనచో ప్రయోజనము లేదు. కూతకు ఇద్దరు ముగ్గురు నేర్పరులు కావలెను. బరి మూలల నిలిచి, వచ్చినవాని మడమను ఒడిసిపట్టువారు ఇద్దరు కావలెను. వారి ప్రక్కన నిలిచి, ఎదురొడ్డి ఆపువారు మరి ఇద్దరు కావలెను. కుడిమూలన ఆరితేరినవాడు ఎడమమూలన తడబడును. కావున ఒక్కడు రాకపోయినను జట్టులో ఒక గోడ కూలినట్లే. పెద్ద సంస్థలు జరుపు పురుషుల పోటీలలో ఆటగాని బరువు 85 కిలోలకు మించరాదు. పగలెల్ల మూటలు మోసి, రాత్రి దొరికినది తినువానికి ఈ బరువును, బలమును సమముగ నిలుపుకొనుట సులభము కాదు.

ఇక కాలము సంగతి. తిరుచానూరు వంటి యూరిని తలచుకొనుడు. పద్మావతీ అమ్మవారి కార్తిక బ్రహ్మోత్సవములు, పంచమీతీర్థము వచ్చినవన్న ఊరిలో పనికి కొదువ లేదు. పూలు కట్టువారికి, బండ్లు నడపువారికి, వసతిగృహములలో పనిచేయువారికి సంవత్సరములో నాలుగు డబ్బులు కనుపించు రోజులవి. అప్పుడు సాయంకాలపు సాధనకు రమ్మన్న ఎవరు వత్తురు? వేసవిలో జాతరలు, మామిడికాయల కోతలు. ఈ ఉత్సవములు ముగిసిన కొలది వారములకే సంక్రాంతి పందెములు. అనగా ఆట పంచాంగమును, పని పంచాంగమును ఒకదానితో నొకటి పొసగవు. జట్టు కట్టువాని మొదటి విద్య ఈ రెండు పంచాంగములను ప్రక్కప్రక్కన పెట్టుకొని చదువుటయే.

లెక్క వేసిన విషయము మరింత స్పష్టపడును. ఉదాహరణమునకు దినమునకు 600 రూపాయలు కూలి యనుకొందము. పన్నెండుగురు మూడు దినములు పోటీకి పోయినచో పోయిన కూలియే 21,600 రూపాయలు. బండి బాడుగ, భోజనము, పాల్గొనుటకు రుసుము దీనికి పైమాట. ప్రథమ బహుమానము 25,000 రూపాయలనుకొన్నను, గెలిచిన జట్టునకు సయితము మిగులునది స్వల్పము; ఒక్కొక్కప్పుడు చేతిసొమ్ము పడును. పదునారు జట్లు వచ్చిన పోటీలో బహుమానము నాలుగు జట్లకు పంచిరనుకొనుడు. తక్కిన పన్నెండు జట్లు ఉత్తచేతులతో ఇల్లు చేరును. ఆ లోటును పూడ్చువాడు ఊరి పెద్దయో, అంగడివాడో, ఎన్నికల ముందు ఉత్సాహపడు నాయకుడో. ఆ యుత్సాహము ఎన్నాళ్లుండునో ఎవరును చెప్పజాలరు.

ఈ చిక్కు మనకు మాత్రమే కలిగినది కాదు. ఇంగ్లండు ఉత్తర భాగమున, బొగ్గుగనులలోను, నూలుమిల్లులలోను పనిచేయు జనులు రగ్బీ ఆడెడివారు. ఆ దినములలో శనివారము సయితము కొంతసేపు పనిదినమే. ఆట కొరకు పని మానినచో కూలి తెగును. ఆ తెగిన కూలికి దినమునకు ఆరు షిల్లింగులు పరిహారముగ నిచ్చుటకు అనుమతింపుడని ఉత్తరపు జట్లు కోరినవి. ఆటకు ధనము ముట్టరాదని, తమకు కూలితో పనిలేని దక్షిణాది పెద్దలు కాదనిరి. అంతట 1895 ఆగష్టు 29వ తేదీన హడర్స్‌ఫీల్డు పట్టణమునందలి జార్జి హోటలులో సమావేశమై ఉత్తరాది సంఘములు విడిపోయి వేరొక సంస్థ నేర్పరచుకొన్నవి. ఇరువదిరెండు జట్లు అందు చేరినవి. నేడు రగ్బీ లీగ్ అని పిలువబడు ఆట ఆ చీలికనుండి పుట్టినదే. ఒక పూట కూలి విలువ ఎంత యను ప్రశ్న ఒక ఆటనే రెండుగ చీల్చినదన్నమాట.

వారు 1898లో ఆటగాండ్రకు బాహాటముగ వేతన మిచ్చుటకు అంగీకరించిరి. ఐనను ప్రతి ఆటగానికి వేరొక నిలుకడయైన వృత్తి యుండి తీరవలెనని నియమము పెట్టిరి. తరువాత ఆ నియమము తొలగినను, ఆ పరిస్థితి పూర్తిగ తొలగలేదు. 1996లో పై తరగతి జట్లకు సూపర్ లీగ్ ఏర్పడినది. దానికి క్రింది తరగతులలో నేటికిని అనేకులు పగలు ఉద్యోగము చేసి, వారమున రెండు మూడు సాయంకాలములు సాధన చేసి, వారాంతమున ఆడువారే.

మన దేశము ఈ చిక్కునకు వేరొక మార్గమున పరిష్కారము వెదకినది. ఆటకు జీతమిచ్చుట గాక, ఆటగానికి ఉద్యోగమిచ్చుట ఆ మార్గము. రైల్వేలు, సైనిక దళములు, పోలీసు శాఖలు, బ్యాంకులు క్రీడాకారులను కొలువులలో చేర్చుకొనుచు వచ్చినవి. జాతీయ పోటీలలో రైల్వే జట్టు ప్రాబల్యమునకు ఇదియే మూలము. నెలజీతము, కుటుంబమునకు వైద్యము, ఆట ముగిసిన పిదప ఉద్యోగము – పేదయింటి బిడ్డకు ఇంతకన్న ఏమి కావలెను? కాని దీనివలన ఊరి జట్టునకు ఒక నష్టము గలదు. మూడేండ్లు కష్టపడి తీర్చిన మేటి ఆటగాడు కొలువు దొరకగనే వెడలిపోవును. అతని వెనుక మరియొకని సిద్ధము చేసికొననిచో జట్టు అక్కడితో ఆగును. అట్లు పోవుటను ద్రోహముగ తలపరాదు. ఊరి జట్టు చేసిన పని ఫలించినదనుటకు అదియే గురుతు.

2014 జూలైలో ప్రో కబడ్డీ లీగ్ ఆరంభమైనది. తెలుగు టైటన్స్ జట్టు మొదటినుండియు అందున్నది. ఎనిమిది జట్లతో మొదలైన ఈ పోటీ 2017 నుండి పన్నెండు జట్లతో సాగుచున్నది. ఆటగాండ్రను వేలమున కొందురు. 2023 వేలమున తెలుగు టైటన్స్ వారు పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేల రూపాయలకు తీసికొనిరి. ఆ యేట ఒక జట్టు ఆటగాండ్రపై వెచ్చింపదగిన మొత్తము 5 కోట్లు మాత్రమే. అనగా సగమునకు పైగా ఒక్కనికే చెల్లినది. తక్కిన వారందరిని మిగిలిన సొమ్ముతో కూర్చుకొనవలసి వచ్చినది. ధనవంతుల జట్టునకును చివరకు ఊరి జట్టు లెక్కయే ఎదురైనదని గ్రహింపుడు.

ఆ ఆటగాని చరిత్రయే మరియొక పాఠము చెప్పును. 2022లో తమిళ్ తలైవాస్ వారు అతనిని 2 కోట్ల 26 లక్షలకు తీసికొనగా, మొదటి ఆటలోనే మోకాలికి గాయమై ఆ సంవత్సరమెల్ల అతడు ఆడలేకపోయెను. 2025 వేలమున అదే జట్టు వారు అతనిని 59 లక్షల 50 వేలకు పొందిరి. ఒక్కని విలువ మూడేండ్లలో ఇట్లు మారును. పైగా ఒక్కొక్క జట్టులో ఇరువదియైదుగురికి మించి యుండరాదు. పన్నెండు జట్లకు కలిపి మూడు వందలమంది. దేశములో చెడుగుడు ఆడు లక్షలాది యువకులలో వీరెంత? స్త్రీల సంగతి మరియు కష్టము. 2016లో మూడు జట్లతో స్త్రీలకు ఇట్టి పోటీ నొకదానిని జరిపిరి. అది ఒక్క సంవత్సరముతోనే ఆగినది. దానిని నమ్ముకొని చదువో, కొలువో వదలుకొన్న బాలిక యుండినచో ఆమె గతి యేమి?

పోషకుని నమ్మి పెద్ద జట్టు కట్టుటలోని ప్రమాదమునకు కెనడా దేశపు టొరంటో నగరమున వెలసిన రగ్బీ లీగ్ జట్టు నిదర్శనము. అది 2017లో మూడవ తరగతిలో ప్రవేశించి, 2019లోనే పై తరగతికి అర్హత పొందినది. 2020లో ధనము నిలిచిపోయి, జీతములు చెల్లింపలేక, నడుమనే పోటీనుండి వైదొలగినది. కుటుంబములతో సముద్రములు దాటి పనిచేయుచున్నవారు జీతము లేక చిక్కుపడిరి. చేతనున్న సొమ్మునకు మించి మాట యిచ్చిన ఫలితమది.

మరి ఊరిలో జట్టు కట్టదలచిన వారేమి చేయవలెను? మొదట, సంవత్సరారంభమున చేతికి వచ్చిన సొమ్మును మాత్రమే లెక్కలోనికి తీసికొనవలెను; ఇత్తుమన్నవారి మాటను ఖాతాలో వ్రాయరాదు. రెండవది, బహుమానపు సొమ్ము పంచుకొను విధమును ఆటకు ముందే తేల్చి అందరి యెదుట వ్రాసియుంచవలెను. గెలిచిన తరువాత వచ్చు తగవు ఓటమికన్న చేటు. మూడవది, కూలి పోగొట్టుకొని వచ్చువానికి, జీతముతో సెలవు దొరకువానికి ఒకే మొత్త మిచ్చుట సమానముగ కనుపించినను న్యాయము కాదు. పోయిన కూలిని మొదట తీర్చి, మిగిలినది సమముగ పంచుట మేలు. నాలుగవది, ప్రతి స్థానమునకు ఒక కుర్రవానిని వెనుక నిలిపి నేర్పవలెను. ఇందులకు ధనముకన్న పెద్దల ఓపిక ముఖ్యము.

ఐదవది అన్నిటికన్న ముఖ్యమైనది: గాయము. మోకాలు తిరిగిన కోటీశ్వర క్రీడాకారునికి వైద్యులుందురు, పేరుండును, మరుసటి వేలముండును. మోకాలు తిరిగిన మేస్త్రీ నిచ్చెన యెక్కలేడు. ఆటో నడపువాడు బ్రేకు తొక్కలేడు. రెండు నెలలు పనిలేనిచో ఇంటిలో పొయ్యి ఎట్లు రాజును? కావున వచ్చిన ప్రతి రూపాయలో కొంత భాగమును గాయపడినవాని కొరకు వేరుగ నుంచి, ఎంత అవసరము వచ్చినను చొక్కాలకు, పందిళ్ళకు దానిని ముట్టరాదు. స్వల్ప రుసుముతో దొరకు ప్రమాద బీమాను ప్రతి ఆటగాని పేర చేయింపవలెను. ఈ రెండును చేయలేని జట్టు, ఆ సంవత్సరము ఒక పోటీ తక్కువ యాడి, ఆ ఖర్చును ఇందులకు వినియోగించుట మంచిది.

2022 జనవరిలో తిరుపతి ఇందిరా మైదానమున జాతీయ స్థాయి కబడ్డీ పోటీలు జరిగినప్పుడు, మన ప్రాంతమున ఈ ఆటయెడ ఎంత యాదరణ గలదో వెల్లడియైనది. ఆదరణ చప్పట్లతో ముగియవచ్చును. లేదా ఊరి జట్టు ఖాతాలో నెలకు కొంత చందాగ మారవచ్చును. ఈ పండుగకు మీ వీధిచివర బరి గీచినప్పుడు, కూతగాని ఒడుపును మెచ్చుకొనుడు. దానితోపాటు, దెబ్బ తగిలినవాని ఇల్లు ఎట్లు గడచునని నిర్వాహకులను ఒక్కమాట అడుగుడు. వారి యొద్ద సమాధానమున్నచో ఆ జట్టు వచ్చే సంక్రాంతికిని ఆడును.