ఎముకకు గరుకు... చిగురుకు నునుపు
కట్టించుకున్న పన్ను నిలవాలంటే పాచిని గెలవాలి

కరీంనగర్: ఊడిన పన్ను చోట దవడ ఎముకలోకి మరమేకు దించి, దానిపై కొత్త పన్ను నిలబెట్టే వైద్యం ఇప్పుడు హైదరాబాద్‌కే పరిమితం కాదు. కరీంనగర్ వంటి పట్టణాల్లోనూ జరుగుతోంది. ఒక్కో పన్నుకు వేల రూపాయలు పోయవలసిన పని ఇది. పత్తి అమ్మిన డబ్బో, గల్ఫ్ నుంచి కొడుకు పంపిన డబ్బో పెట్టి కట్టించుకున్న పన్ను పదికాలాలు నిలవడం, చీము పట్టి ఊడిపోవడం అన్నవి ఆ మేకుపై కంటికి కనబడని గరుకుతో కూడా ముడిపడి ఉన్నాయంటే పలువురికి ఆశ్చర్యం కలగవచ్చు.

కుందేలు కాలిలో దొరికిన గుట్టు

ఈ మేకును టైటానియం అనే లోహంతో చేస్తారు. 1952లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు బ్రోనెమార్క్ పరిశోధన కోసం కుందేలు కాలి ఎముకలో టైటానియం పరికరం అమర్చారు. పని ముగిశాక తీయబోతే అది రాలేదు. ఎముక దానిని పట్టుకుని పెరిగింది. 1965లో గోస్టా లార్సన్ అనే రోగి దవడలో ఆయన టైటానియం మేకులు దించారు. 2006లో లార్సన్ మరణించేదాకా అవి పనిచేశాయి. గాలి తగలగానే ఈ లోహంపై పలుచని పొర ఏర్పడుతుంది. అందువల్లనే అది తుప్పు పట్టదు, ఒంటికి పడుతుంది. హైదరాబాద్‌లో 1973లో ఏర్పడిన మిధాని సంస్థ కూడా టైటానియం తయారు చేస్తోంది.

దున్నిన చేనులో గింజ

తొలినాళ్ల మేకులు నునుపుగా ఉండేవి. ఎముక పట్టడానికి కింది దవడలో 3 నెలలు, పై దవడలో 6 నెలలు ఆగేవారు. తర్వాత గట్టి పొడిని గాలి ఒత్తిడితో మేకుపై చిమ్మి, ఆమ్లాలలో ముంచి, సన్నని గుంతలు పడేలా చేయసాగారు. ఈ గరుకు 1 నుంచి 2 మైక్రాన్లు ఉంటే ఎముక బాగా పడుతుందని తేలింది. తలవెంట్రుక మందంలో దాదాపు డెబ్బయ్యో వంతు ఒక మైక్రాన్.

గట్టి నేలపై చల్లిన గింజ వానకు కొట్టుకుపోతుంది. చాలులో పడిన గింజ నిలిచి వేరు తన్నుతుంది. ఎముకను కట్టే కణాల తీరూ అంతే. గరుకును రక్తపు గడ్డ పట్టుకుంటుంది, ఆ గడ్డ వెంట కణాలు వచ్చి ఎముక పోస్తాయి. దవడ గట్టిగా ఉన్నవారికి ఇప్పుడు 6 నుంచి 8 వారాలకే పన్ను బిగించగలుగుతున్నారు.

కలుపూ మొలుస్తుంది

అయితే దున్నిన చేలో కలుపు కూడా మొలుస్తుంది. నోటిలోని బ్యాక్టీరియా కూడా ఇంచుమించు ఒక మైక్రానే. బావి మెట్లలో గరుకు రాయికి పాచి ఎలా పడుతుందో, గరుకు మేకుకు అవి అలా అంటుకుంటాయి. కణాలు ముందు చేరితే ఎముక గెలుస్తుంది, బ్యాక్టీరియా ముందు చేరితే చీము గెలుస్తుంది. 1987లో అమెరికా ఎముకల వైద్యుడు గ్రిస్టినా దీనిని పరుగు పందెంతో పోల్చారు.

అందుకే ఎముకలో ఉండే భాగాన్ని గరుకుగా, చిగురును దాటి వచ్చే మెడను నునుపుగా చేసే పద్ధతి వచ్చింది. చిక్కేమిటంటే, ఎముక తరిగి గరుకు భాగం బయటపడితే అక్కడ చేరిన పాచిని పూర్తిగా తీయడం వైద్యునికీ కష్టమే. సహజమైన పన్నును ఎముకతో కట్టి ఉంచే నారలు ఈ పన్నుకు ఉండవు. చెడు త్వరగా లోపలికి పాకుతుంది. మొదట్లో నొప్పి కూడా అంతగా తెలియదు.

ఏం చేయాలి?

రోజుకు రెండుసార్లు మెత్తని బ్రష్‌తో చిగురు అంచు దాకా తోముకోవాలి. బొగ్గు, ఇటుక పొడి వాడరాదు. వాటితో రుద్దితే నునుపైన మెడపై గీతలు పడి, పాచికి మరింత చోటు దొరుకుతుంది. బీడీలు చుట్టడమే జీవనమైన ఊళ్లు ఎన్నో ఉన్న ఈ ప్రాంతంలో మరో మాట చెప్పక తప్పదు. పొగ తాగేవారిలో, చక్కెర వ్యాధి అదుపులో లేనివారిలో ఈ పళ్లు చెడిపోయే ప్రమాదం ఎక్కువ. చిగురు ఎర్రబడినా, తోముకునేటప్పుడు రక్తం వచ్చినా వెంటనే వైద్యునికి చూపించాలి. ఏ కంపెనీ మేకు వేశారో రాయించుకుని, ఆ కాగితాన్ని పట్టా కాగితంలా దాచుకోవాలి. రేపు మరో వైద్యుని వద్దకు వెళ్లినా అది పనికొస్తుంది.

విత్తనం మంచిదైతే చాలదని, కలుపు తీయకపోతే పంట చేతికి రాదని రైతుకు వేరే చెప్పనక్కరలేదు. నోటిలో నాటిన పన్నుకూ అదే సేద్యం.