కొత్త కంప్యూటరు తెర వెలగలేదా? ప్లగ్గు పీకకండి!

పెట్టె బిగించారు. పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి స్విచ్ వేశారు. ఫ్యాన్లు తిరిగాయి, లైట్లు వెలిగాయి. తెర మాత్రం నల్లగానే వుండిపోయింది. మూడు నిమిషాలు చూసి ప్లగ్గు పీకారు. మళ్లీ వేశారు, మళ్లీ పీకారు. చివరకు బోర్డు పోయిందని తేల్చి, పెట్టె నెత్తిన పెట్టుకుని సికింద్రాబాదు బస్సెక్కారు.

పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేసే స్టూడియోల వారు విడిభాగాలు తెప్పించి, మండల కేంద్రాల్లోనే కంప్యూటర్లు బిగించుకుంటున్న రోజులివి. ఇలా బస్సెక్కే పెట్టెల్లో ఏ లోపమూ లేనివి కూడా వుంటాయి.

అసలు సంగతి ర్యామ్ దగ్గర వున్నది. డీడీఆర్ 5 రకం ర్యామ్‌ను కొత్తగా అమర్చినప్పుడు ప్రాసెసరు దానితో పొత్తు కుదుర్చుకోవాలి. ఒక్కొక్క దారిలో సంకేతం ఎంత ఆలస్యంగా వస్తున్నదో కొలిచి, తన లెక్క సరిచేసుకుంటుంది. దీన్ని మెమరీ ట్రైనింగ్ అంటారు. కోడెలను కాడికి మరపడం వంటిదే. 2022లో ఏఎండీ కంపెనీ ఏఎం 5 బోర్డులు వచ్చాక ఈ ఆలస్యం అందరికీ అనుభవంలోకి వచ్చింది. ర్యామ్ ఎక్కువైన కొద్దీ సమయం కూడా పెరుగుతుంది. కొన్ని నిమిషాలు మామూలే, ఒక్కోసారి పావుగంట కూడా కావచ్చు. ఆ సేపూ బోర్డు మీద డీర్యామ్ అని రాసివున్న చిన్న దీపం వెలుగుతుంటుంది. మధ్యలో ప్లగ్గు పీకినా, కరెంటు పోయినా పని మళ్లీ మొదటికి వస్తుంది.

వేగంపై ఆశ

ర్యామ్ ప్యాకెట్టు మీద 6000 అని వుంటుంది. అది ర్యామ్ తయారుచేసిన వారి మాటే గాని ప్రాసెసర్ కంపెనీ హామీ కాదు. రైజెన్ 7000 రకానికి ఏఎండీ చెప్పిన వేగం రెండు స్టిక్కులు వేస్తే 5200, నాలుగు వేస్తే 3600 మాత్రమే. బయోస్‌లో ఎక్స్‌పో అనేదాన్ని ఆన్ చేస్తే 6000కు ఎక్కుతుంది. ఇంటెల్ వాటిలో దీన్ని ఎక్స్‌ఎంపీ అంటారు. ఇది ఓవర్‌క్లాకింగ్ కిందికే వస్తుందనీ, దానివల్ల ప్రాసెసర్ చెడితే వారంటీ వర్తించదనీ ఏఎండీయే చెబుతున్నది. అమ్మేటప్పుడు ఈ ముక్క చెప్పేవారు తక్కువ.

64 జీబీ కావలసిన వారు 16వి నాలుగు కాక, 32వి రెండు ఒకే ప్యాకెట్టులో కొనడం మేలు. ఒకేరకమైనా విడివిడిగా కొన్న జతలు కలుస్తాయన్న నమ్మకం లేదు. రెండింటినీ సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండు, నాలుగు గాడుల్లో పెట్టాలి.

రోజూ పొద్దున్నే ఇదే ఆలస్యమైతే టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ పేజీ తెరిచి లాస్ట్ బయోస్ టైమ్ చూడాలి. అక్కడ అంకె పెద్దదైతే ఆలస్యం విండోస్‌ది కాదు. విండోస్ మళ్లీ వేయించి డబ్బు వదిలించుకోనక్కరలేదు. బయోస్‌లో మెమరీ కాంటెక్స్ట్ రిస్టోర్ ఆన్ చేస్తే వెనుకటి లెక్కనే వాడుకుని త్వరగా లేస్తుంది. దానితోపాటు పవర్ డౌన్ ఎనేబుల్ కూడా ఆన్‌లో వుండాలి. ఆ తరువాత నీలం తెరలు పడుతుంటే రెండింటినీ పూర్వస్థితికి మార్చి, ఆలస్యాన్ని ఓర్చుకోవడమే నయం.

ఎందుకంటే ర్యామ్ తప్పు చేస్తే కంప్యూటరు ఆగిపోవడంతో సరిపోదు. కార్డు నుంచి దించుకున్న ఫైలు పాడుకావచ్చు. కార్డు చెరిపేశాక ఆ సంగతి బయటపడితే చేసేదేమీ లేదు. పెళ్లివారిని పిలిచి తలంబ్రాలు మళ్లీ పోయించలేరు గదా! అందుకే పని మొదలుపెట్టకముందే మెమ్‌టెస్ట్ 86 ను పెన్‌డ్రైవ్‌లో వేసి రాత్రంతా నడపాలి. ఇది ఉచితంగానే దొరుకుతుంది. ఒక్క తప్పు కనిపించినా వేగాన్ని 5600కు, అప్పటికీ కుదరకపోతే 5200కు దించాలి. ఎడిటింగ్‌లో ఆ తేడా పెద్దగా తెలియదు.

వేగం పెంచాక అసలు లేవకపోతే ప్లగ్గు తీసి, బోర్డు మీది సీఆర్ 2032 బిళ్ల బ్యాటరీని కొద్ది నిమిషాలు తీసి పెడితే బయోస్ పాత లెక్కలు మరచిపోతుంది. మళ్లీ ట్రైనింగ్ మొదలవుతుంది కనుక ఈసారీ ఆగాలి.

బయోస్‌ను కొత్తదిగా మార్చితే కొన్ని చిక్కులు వాటంతటవే పోతాయి. 2023లో కొన్ని రైజెన్ ప్రాసెసర్లు కాలిపోయినప్పుడు సాక్ వోల్టేజీ 1.3 దాటకుండా ఏఎండీ కట్టడి చేసింది ఈ మార్గంలోనే. కానీ ఆ పని సగంలో వుండగా కరెంటు పోతే బోర్డు నిజంగానే మూలపడవచ్చు. యూపీఎస్ లేనివారు పట్టణంలోని షాపులో చేయించుకోవడం మంచిది.