శీకాయ నీళ్ల సంక్రాంతి

వెండిగిన్నెలో నీళ్లు. పైన మల్లెమొగ్గలు, ఎండిన పూరేకులు. గిన్నె చేతికి రాగానే ఎక్కడో ఎరిగిన వాసన. మాలో ఒకడు ముందు కనిపెట్టాడు. "ఒరేయ్, ఇది శీకాయ కదరా!"

శీకాయే. చియాంగ్ మాయ్‌లో దాన్ని సోమ్‌పోయ్ అంటారు. కాయల్ని నిప్పుల మీద కాస్త కాల్చి నానబెడతారు. ఏప్రిల్‌లో వచ్చే కొత్త సంవత్సరానికి ఆ నీళ్లను పెద్దల చేతుల్లో పోసి దీవెన అడుగుతారు. ఆ వేడుక పేరు 'దమ్ హువా'. ఉత్తర థాయ్ వాళ్ల మాటలో తల కడగడమని అర్థం. అంటే మన తలంటే! ఇంజనీరింగ్ కాలేజీ నాటి అయిదుగురం స్నేహితులం, మేం దిగిన ఇంటి పెద్దావిడ ముందు వరసగా మోకాళ్ల మీద కూర్చున్నాం.

అది 2024. థాయిలాండ్ అంతకుముందు నవంబరు 10 నుంచి మనవాళ్లకు వీసా అక్కర్లేదంది. అయిదుగురికీ సెలవులు కుదిరాయి. టికెట్లు తీసుకున్నాక చూసుకుంటే ఏప్రిల్ 9న ఉగాది! పండగపూట ఊళ్లో లేకపోవడమేమిటని నలుగురు అమ్మలూ నొచ్చుకున్నారు. అయిదో అమ్మ లేదు. ఆ కార్తికంలోనే పోయింది. వాడి ఇంట్లో ఏటి సూతకం, ఆ ఏడు పండగ లేదు. నిజానికి ఈ ప్రయాణం వాడి కోసమే. వాణ్ని ఆ ఇంట్లో ఒంటరిగా ఉండనివ్వకూడదనుకున్నాం.

ఉగాది పచ్చడికి పొయ్యి అక్కర్లేదు. బ్యాంకాక్ హోటల్ గదిలో ఆ సంగతి ఎంత ఆదుకుందో! ఓర్ తోర్ కోర్ మార్కెట్లో పుల్లమామిడి, చింతపండు, తాటిబెల్లం ఇట్టే దొరికాయి. వేపపువ్వుకే బెంగపడ్డాం. తీరా చూస్తే థాయ్ వాళ్లు వేప చిగుళ్లూ మొగ్గలూ కూరలా తింటారు. పేరు సదావ్. ఉడకబెట్టి, చింతపండు, తాటిబెల్లం, చేపల రసం కలిపి కాచిన పులుసులో నంజుకుంటారు. పైన వేయించిన ఉల్లి, ఎండుమిర్చి. మామిడి వగరొక్కటి తక్కువ. చేదునూ తీపినీ ఒకే ముద్దలో తినడం మనకే తెలుసనుకుంటాం కానీ, ఆ మార్కెట్లో ఏ గంప చూసినా మన వంటిల్లే కనిపించింది.

పండగ లేని ఇంటికి ఇరుగుపొరుగు పిండివంటలు పంపడం మన ఆనవాయితీ. ఆ పొద్దున కాగితం కప్పులో కలిపిన పచ్చడి ముందుగా వాడి చేతిలో పెట్టాం. వాడు కిటికీ వైపు తిరిగి తిన్నాడు.

పంచాంగ శ్రవణం ఫోన్లో విన్నాం. క్రోధి నామ సంవత్సరానికి రాజు కుజుడు, మంత్రి శని. ఉగాది మంగళవారం వచ్చింది కనుక కుజుడు రాజు. సూర్యుడు మేషంలో అడుగుపెట్టే వారానికి అధిపతి ఎవరో ఆయనే మంత్రి. అది ఏప్రిల్ 13, శనివారం. ఆ మేష సంక్రమణమే థాయ్ వాళ్ల 'సాంగ్‌క్రాన్'. మాట కూడా మన సంక్రాంతే. మనం పెద్ద పండగ చేసుకునేది మకరానికి, వాళ్లు మేషానికి. ఏ వారం వస్తే ఆ వారపు దేవత వాళ్ల ఏడాదిని ఏలుతుంది. ఏడుగురు అక్కచెల్లెళ్లు, వారానికొకరు. శనివారపు దేవత మహోదరి, నెమలి వాహనం. ఆ ఏడు ఎందరు నాగులు వాన కురిపిస్తారో కూడా చెబుతారు. ఒకే శనివారం మనకు మంత్రినిచ్చింది, వాళ్లకు దేవతనిచ్చింది. ఈ సంగతి తెలిసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

13న చియాంగ్ మాయ్‌లో ఉన్నాం. 1296లో మంగ్రాయ్ రాజు కట్టించిన నగరం, చుట్టూ చదరపు కందకం. థా పే గేటు దగ్గర బకెట్లు, నీళ్ల తుపాకులు, ఐసు నీళ్లు. నిమిషంలో నిలువునా తడిసిపోయాం. తడవాల్సిందే, ఆ సంబరం నిజమైనదే. కానీ దాన్ని మాత్రమే చూసి తిరిగొస్తే సగం పండగను కందకం గట్టున వదిలేసినట్టే. 2023లో యునెస్కో ఈ పండగను వారసత్వ జాబితాలోకి తీసుకుంది. ఆ వారసత్వం వెతకాల్సింది గడపల దగ్గర. సాయంత్రం ఫ్రా సింగ్ గుడి బుద్ధుణ్ని ఊరేగిస్తుంటే జనం ఈ శీకాయ నీళ్లే చిలకరించారు.

14న చెడ్డమాట ఆడకూడదు, ఆడితే ఏడాదంతా నోరు చెడుతుందంటారు. ఉగాదినాడు ఏడిస్తే ఏడాదంతా ఏడుపేనని మా అమ్మమ్మ కసిరేది గుర్తొచ్చింది. ఆ రోజే పింగ్ నది ఇసుక గుడికి మోస్తారు. ఏడాది పొడవునా మన పాదాలకు అంటుకుని గుడి దాటి పోయిన మట్టిని తిరిగి ఇచ్చెయ్యాలట. రంగుకాగితం జెండాలు గుచ్చిన ఇసుక చైత్యాల మధ్య మేం కూడా తలో దోసెడు పోశాం.

15న ఆ పెద్దావిడ ముందు కూర్చున్నాం. అమ్మమ్మ వయసు ఆవిడను అక్కడ 'మే ఉయ్' అని పిలుస్తారు. మేం నలుగురం నీళ్లు పోసి పక్కకు జరిగాం. వాడు మాత్రం చాలా నెమ్మదిగా, సన్నటి ధారగా పోశాడు, గిన్నె అంతా అయ్యేదాకా. ఆవిడ చేతులు వెనక్కి తీసుకోలేదు. తడిచేతులతోనే వాడి మణికట్టుకు తెల్లదారం కట్టి, తన భాషలో ఏదో గొణుగుతూ దీవించింది. ఏమందో మాకు తెలియదు. వాడు తలెత్తలేదు.

మర్నాడు పనసకూర. పనసను వాళ్లు ఖనున్ అంటారు. 'నున్' అంటే ఆసరా. కొత్త ఏడాదిలో ఆ కూర తింటే ఆసరాగా ఎవరో ఒకరుంటారని నమ్మకం. మా కోసం మాంసం వెయ్యకుండా వండింది మే ఉయ్. వాడు రెండోసారి వడ్డించమని గిన్నె చాచాడు.

"మా అమ్మ ఆవ పెట్టేదిరా," అన్నాడు. ఆ కార్తికం తర్వాత వాడు అమ్మ ఊసెత్తడం అదే మొదలు. ఆవ ఎలా నూరేదో, పోపులో ఏమేం వేసేదో చెబుతూనే ఉన్నాడు. కూర చల్లారిపోయినా మేం లేవలేదు.