చల్లని ఇంజను చేసే చేటు

ఇంట్లో ఎవరికైనా ఒళ్లు కాలిపోతూంటే తడిగుడ్డ వేసి, వైద్యునికి కబురు పెడతాము. అదే మనిషికి కాళ్లూ చేతులూ చల్లబడ్డాయంటే ఇల్లంతా మంచం చుట్టూ చేరుతుంది. వేడికన్న చల్లదనమే పెద్ద అపాయమని మన పెద్దలకు ఎవరూ చెప్పనక్కరలేదు. కాని మోటారు వాహనాల దగ్గరకు వచ్చేసరికి ఈ ఇంగితాన్ని మరచిపోతాము. రేడియేటరు నుండి ఆవిరి చిమ్మితే హడలిపోయి బండి ఆపుతాము. ఉష్ణోగ్రతను చూపే ముల్లు పైకి లేవకుండా అడుగునే పడి ఉంటే మాత్రం, “మా బండి ఎంత దూరం పోయినా చల్లగా ఉంటుంది” అని మురిసిపోతాము. ఆ మురిపెం ఖరీదు ఇంధనంలోను, చివరకు ఇంజను ఆయుర్దాయంలోను చెల్లించవలసి వస్తుంది.

వెచ్చదనం ఎందుకు?

ఇంజనులో మండే ఇంధనం నుండి పుట్టే వేడిలో స్థూలంగా మూడవ వంతు మాత్రమే బండిని నడుపుతుంది. మరొక మూడవ వంతు పొగగొట్టం గుండా పోతుంది. మిగిలినదాన్ని ఇంజను చుట్టూ తిరిగే నీరు మోసుకుపోయి రేడియేటరు ద్వారా గాలిలో వదులుతుంది. కనుక చల్లబరచే ఏర్పాటు తప్పనిసరి. అయితే దాని పని ఇంజనును చల్లగా ఉంచడం కాదు, తగినంత వేడిగా నిలపడం. నేటి కార్లలో చాలావాటికి ఈ నీటి ఉష్ణోగ్రత సుమారు 85 నుండి 105 డిగ్రీల సెంటిగ్రేడు మధ్య ఉండాలి. పిస్టనుకు, సిలిండరుకు మధ్య ఉండే వెంట్రుకవాసి సందులను కూడ ఆ వేడికి లోహం ఎంత వ్యాకోచిస్తుందో లెక్కవేసే నిర్ణయిస్తారు.

ఇంజను అంత వేడెక్కకపోతే ఏమవుతుంది? చల్లని గోడలకు తగిలిన పెట్రోలు పూర్తిగా ఆవిరి కాదు. బిందువులుగా జారి, సిలిండరు గోడమీది నూనె పొరను కడిగివేస్తుంది. ఆ పైన నీటి బెడద. ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు ఒక లీటరు నీరు పుడుతుందన్న సంగతి చాలామందికి వింతగా తోచవచ్చు. అందులో అధికభాగం ఆవిరిగా బయటకు పోతుంది. కొంత మాత్రం పిస్టను రింగులను దాటి, అడుగునున్న నూనె తొట్టిలోకి దిగుతుంది. ఇంజను వేడిగా ఉంటే ఆ తేమ తిరిగి ఆవిరై పోతుంది. చల్లగా ఉంటే అక్కడే నిలిచి, దహనంలో పుట్టిన ఆమ్లాలతో చేరి, కందెన నూనెను జిడ్డుబురదగా మార్చుతుంది. సిలిండర్లు అరగడానికి రాపిడి ఒక్కటే కారణమనుకునే రోజులలో, 1930ల ప్రాంతాన బ్రిటనులో సి.జి. విలియమ్స్ అనే పరిశోధకుడు జరిపిన ప్రయోగాలు, చల్లని గోడలపై చేరే ఆమ్లపు తేమ వల్ల తుప్పు అరుగుదల ఎంతగానో హెచ్చుతుందని చూపించాయి.

నేటి ఇంజనులలో ఇంకొక చిక్కు ఉన్నది. ఇంధనాన్ని కొలిచి ఇచ్చే కంప్యూటరు, నీరు వేడెక్కనంత కాలం ఇంజను ఇప్పుడే నిద్రలేచిందనే భావిస్తుంది. చంటిబిడ్డకు పాలు పట్టినట్లు అదనపు ఇంధనం పోస్తూనే ఉంటుంది. డీజిలు బండ్లలో మసిని పట్టి ఉంచే వడపోత పరికరం ఆ మసిని కాల్చి తన్ను తాను శుభ్రపరచుకోవడానికి కూడ ఇంజను తగినంత వేడెక్కి ఉండాలి. లేకుంటే అది పూడుకుపోతుంది.

తూము దగ్గరి నీరటి

ఈ వేడిని నిలిపే చిన్న పరికరం పేరు థర్మోస్టాట్. గ్రీకు మూలాలను బట్టి చూస్తే ఆ మాటకు “వేడిని నిలిపేది” అని అర్థం చెప్పుకోవచ్చు. చెరువు తూము దగ్గర నీరటి ఎలాంటివాడో, నీటికీ రేడియేటరుకూ మధ్య ఇది అలాంటిది. చల్లని ఇంజనును నడపడం మొదలుపెట్టినప్పుడు తూము మూసి ఉంటుంది. నీరు రేడియేటరుకు పోకుండా ఇంజనులోనే తిరిగి త్వరగా వేడెక్కుతుంది. 82 డిగ్రీలో, 88 డిగ్రీలో, ఆ ఇంజనుకు నిర్ణయించిన వేడి రాగానే థర్మోస్టాట్‌లోని మైనం కరిగి ఉబ్బి, కవాటాన్ని నెట్టి తెరుస్తుంది. నీరు చల్లబడితే మైనం ముడుచుకుంటుంది, స్ప్రింగు కవాటాన్ని మూస్తుంది. ఈ మైనపు కీలకాన్ని 1930లలో అమెరికాలో సెర్జియస్ వెర్నెట్ రూపొందించాడు. అంతకుముందు 1908లో వచ్చిన ఫోర్డు మోడల్ టి కారులో ఇలాంటి ఏర్పాటు లేదు. చలిదేశాలలో దాని యజమానులు శీతకాలంలో రేడియేటరు ముఖాన గుడ్డో అట్టో కప్పుకొని నడిపేవారు.

ఇంజను అతిగా చల్లబడిందంటే అధికభాగం సందర్భాలలో దోషం ఈ నీరటిదే. స్ప్రింగు సడలడం వల్లనో, ఉప్పునీటి చట్టు పట్టడం వల్లనో, నలుసు అడ్డుపడడం వల్లనో కవాటం తెరచుకున్నది తెరచుకున్నట్లే ఉండిపోతుంది. ఒక్కొక్కప్పుడు అసలు నీరటే ఉండడు. “మన ఎండలకు ఇదెందుకండీ?” అంటూ మెకానిక్కులు థర్మోస్టాట్‌ను పీకి పారవేయడం మన దేశంలో ఏనాటినుండో ఉన్న అలవాటు. ఎండ 45 డిగ్రీలు కాసినా ఇంజనుకు కావలసిన వేడిలో అది సగమే అన్న సంగతి ఈ వాదం గుర్తించదు. పైగా కొన్ని ఇంజనులలో థర్మోస్టాట్ తెరచుకున్నప్పుడు రేడియేటరును తప్పించుకుపోయే అడ్డదారిని మూస్తుంది. దాన్ని తీసివేస్తే ఆ అడ్డదారి ఎప్పుడూ తెరచే ఉండి, బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను మరింత కాగిపోతుంది. వేడికి మందని చేసిన పనే వేడికి కారణమవుతుంది.

నాడి పట్టడం ఎలా?

వైద్యుడు ముందుగా జ్వరమానిని సరిగా ఉన్నదో లేదో చూసుకుంటాడు. ఇక్కడా మొదటి ప్రశ్న అదే: ఇంజను నిజంగా చల్లగా ఉన్నదా, లేక ముల్లు అబద్ధం చెబుతున్నదా? ముల్లుకూ కంప్యూటరుకూ వేడి కబురు చెప్పే సెన్సారు తీగ తెగినా, ప్లగ్గు వదులైనా, ఎంత కాగిన ఇంజనూ చల్లగానే కనిపిస్తుంది. తీగ తెగినప్పుడు పరీక్షా యంత్రంలో మైనస్ 40 డిగ్రీల వంటి అసంభవమైన అంకె కనిపించవచ్చు. చాలా కార్లలో అప్పుడు ముందుజాగ్రత్తగా ఫ్యాను ఆగకుండా తిరుగుతుంది. రాత్రంతా నిలిపి ఉంచిన బండిలో తెల్లవారి చూస్తే నీటి ఉష్ణోగ్రత బయటి గాలి ఉష్ణోగ్రతకు దాదాపు సమానంగా ఉండాలి. లేకుంటే సెన్సారును శంకించాలి.

ఇంతకన్న ప్రమాదకరమైన అబద్ధం మరొకటి ఉన్నది. నీరు బాగా తగ్గిపోయి సెన్సారు ఉత్త ఆవిరిలో వేలాడుతూంటే, లోపల ఇంజను కాగిపోతున్నా ముల్లు కిందికి దిగవచ్చు. కనుక ముల్లు ఉన్నట్టుండి పడిపోతే సంతోషించక బండి ఆపాలి. ఇంజను పూర్తిగా చల్లారిన తరువాతనే నీటి మట్టం చూడాలి. వేడి మీద రేడియేటరు మూత ఎన్నడూ తీయరాదు.

ముల్లు నిజమే చెబుతున్నదని తేలితే రెండవ పరీక్ష గొట్టానిది. చల్లని ఇంజనును నడిపించి, రేడియేటరు పైగొట్టాన్ని అప్పుడప్పుడు తాకి చూడాలి. కండువా, చీరకొంగు ఫ్యానుకు దూరంగా ఉంచుకోవాలి. థర్మోస్టాట్ బాగుంటే ఆ గొట్టం కొన్ని నిమిషాలు చల్లగానే ఉండి, తరువాత తొందరగా వేడెక్కుతుంది. మొదటినుండీ ఇంజనుతోపాటు మెల్లమెల్లగా వెచ్చబడుతూంటే తూము తెరచే ఉన్నదన్నమాట. కొన్ని ఇంజనులలో థర్మోస్టాట్ కింది గొట్టం వైపున ఉంటుంది కనుక, ముందు అది ఎక్కడున్నదో తెలుసుకోవాలి.

మూడవ పరీక్ష దారి చేస్తుంది. శీతకాలపు ఉదయం అరకు నుండి శృంగవరపుకోట వైపు కనుమ దిగుతున్నారనుకోండి. ఎక్కేటప్పుడు నడిమికి వచ్చిన ముల్లు, దిగేటప్పుడు గాలి తగిలి, ఇంజనుకు పని తగ్గి, అడుక్కి జారిపోతే అది తెరచిన తూము లక్షణమే. అదే బండి మే నెలలో విజయవాడ వీధులలో నత్తనడక నడిచేటప్పుడు ముల్లు సరిగానే నిలుస్తుంది. మన ఎండ రోగాన్ని నయం చేయదు, కప్పిపుచ్చుతుంది.

నూనె పోసే మూత అడుగున మీగడ వంటి తెల్లని జిగురు కనిపిస్తే అది తేమకు గుర్తు. ఎప్పుడూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగే బండిలో, ఏ లోపం లేకున్నా, ఇది ఉండవచ్చు. కాని నూనె కొలిచే పుల్లమీది నూనె కూడ పాలరంగుకు తిరిగి, రేడియేటరు నీరు తగ్గుతూంటే నీరు లోపలే కారుతున్నదేమోనని వెంటనే పరీక్ష చేయించాలి. కొత్త బండ్లలో పి0128 అనే సంకేతం వస్తే నీరు థర్మోస్టాట్ నిర్ణయించిన వేడికి చేరడం లేదని అర్థం. అది రాగానే థర్మోస్టాట్‌ను మార్చివేయక, పైపరీక్షలు చేసిన తరువాతనే మార్చడం వివేకం.

థర్మోస్టాట్‌ను విప్పి తీస్తే చివరి పరీక్షకు వంటింటి గిన్నె చాలు. చల్లగా ఉన్నప్పుడు కవాటం పూర్తిగా మూసి ఉండాలి. దారంతో కట్టి, అడుగుకు తగలకుండా నీటిలో వేలాడదీసి, పక్కన ఉష్ణమాపకం ఉంచి నీరు కాచాలి. దాని మీద ముద్రించిన అంకెకు అటూ ఇటూగా కవాటం తెరచుకోవాలి, చల్లార్చితే మూసుకోవాలి. రెండింటిలో ఏది జరగకున్నా కొత్తది వేయించడమే మార్గం, అదీ ఆ ఇంజనుకు తయారీదారు నిర్దేశించిన అంకె గలదే. దానితోపాటు కొత్త రబ్బరు వలయం, సరియైన పాళ్లలో కలిపిన కూలెంటు కూడ అవసరం.

తరువాత బండిని పదిహేను, ఇరవై నిమిషాలు నడిపి చూడండి. ముల్లు మెల్లగా లేచి తన చోటికి వచ్చి, ఎత్తులోను పల్లంలోను అక్కడే నిలిస్తే, నీరటి మళ్లీ తూము దగ్గరకు వచ్చాడన్నమాట.