వాము పొట్లం, హాస్టల్ గది

చదువు లేనివారూ ఆసుపత్రి అందనివారూ మాత్రమే ఇంటివైద్యం చేసుకుంటారన్న అభిప్రాయం హైదరాబాదు అమీర్‌పేటలోని మైత్రీవనం దగ్గర నిలవదు. సాఫ్ట్‌వేర్ కోర్సుల కోసం జిల్లాల నుంచి వచ్చి అక్కడి హాస్టళ్లలో ఉంటున్న పట్టభద్రులకు వీధి వీధికీ మందుల దుకాణం, పంజాగుట్టలో నిమ్స్ ఆసుపత్రి ఉన్నా, జలుబు చేస్తే ముందు చెయ్యి వెళ్లేది అమ్మ సంచిలో పెట్టి పంపిన వాము పొట్లం మీదికే.

ఇంట్లోనైతే వామును పెనం మీద వేయించి, పలుచటి గుడ్డలో మూటకట్టి వాసన పీలుస్తారు. పొయ్యి లేని హాస్టల్ గదిలో అరచేతుల మధ్య నలిపి పీల్చడంతో సరిపెట్టుకుంటారు. ఆ ఘాటుకు ప్రధాన కారణం థైమాల్, అంటే మనవాళ్లు వాంపువ్వు అనే పదార్థం. హకీం మొయిజుద్దీన్ ఫారూఖీ 1920లో హైదరాబాదులో ప్రారంభించిన జిందా తిలిస్మాత్ అనే మందులో నీలగిరి తైలం, కర్పూరంతో పాటు ఉన్నదీ అదే కనుక, పాతబస్తీ ఇంట్లో వేడి టీలో కలిపే చుక్కలకూ గుంటూరు నుంచి హాస్టల్‌కు వచ్చిన వాము పొట్లానికీ చుట్టరికం ఉన్నట్టే.

ఇంటివైద్యం వైపు మొగ్గడానికి కారణాలు మాత్రం అందరికీ ఒకటి కావు: విద్యార్థికి డాక్టరు ఫీజు, ఉద్యోగికి సెలవు, నిమ్స్‌లో రోగికి తోడుగా వచ్చిన బంధువుకు తానూ ఏదో ఒకటి చేస్తున్నానన్న ఊరట. అమెరికా వైద్య మానవశాస్త్రవేత్త ఆర్థర్ క్లైన్‌మన్ 1980 నాటి గ్రంథంలో వైద్యాన్ని డాక్టర్లది, నాటువైద్యులది, ఇంటిల్లిపాదిది అని మూడు రంగాలుగా విడదీసి, జబ్బుల్లో అధికభాగం ఇంటి రంగంలోనే తేలిపోతుందన్నారు. ఇది దానంతటదే తగ్గేదా, డాక్టరుకు చూపించవలసిందా అన్న తీర్పు జరిగేదీ అక్కడే.

ఆ తీర్పుకు నుదుటి మీద చెయ్యి వేసి చూసే మనిషి కావాలి. హాస్టల్‌కు చిట్కా ఫోనులో వస్తుంది గానీ ఆ చెయ్యి రాదు. ఇంటివైద్యంలో సగం బలం కనిపెట్టుకుని ఉండటంలోనే ఉందనుకుంటే, ఇక్కడ మిగిలేది రెండో సగమే. జలుబుకు అది చాలు. వానాకాలపు డెంగీ జ్వరానికి చాలదు, ఎందుకంటే ఆ జబ్బులో ప్రమాద దశ చాలాసార్లు జ్వరం దిగేటప్పుడే, అంటే మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య మొదలవుతుంది; ఒళ్లు చల్లబడింది, కషాయం పనిచేసిందని ఇంటికి ఫోను చేసి చెప్పే సమయం కూడా సరిగ్గా అదే, తీవ్రమైన కడుపునొప్పినీ ఆగని వాంతులనూ గమనించవలసిన గదిసహచరుడు అప్పటికి క్లాసులో ఉంటాడు.