కౌంటర్ వెనుక రోజాదార్లు

మన ఊళ్లలో ‘ఫాస్ట్ ఫుడ్’ అంటే రోడ్డు పక్కన పెద్ద మంట మీద నూడుల్స్, ఫ్రైడ్ రైస్ వేయించే బండి. కాని రంజాన్ నెలలో హైదరాబాద్‌లో అంతకన్నా వేగంగా చేతికందే వంటకం ఒకటుంది. అదే హలీమ్. డబ్బు కట్టి టోకెన్ అందిస్తే చాలు, అర నిమిషంలో వేడి వేడి గిన్నె మన ముందుంటుంది. ఆ అర నిమిషానికి వెనుక పది పన్నెండు గంటల కష్టం ఉంది. కౌంటర్‌కు ఇవతల నిలబడే మనకు రుచి తెలుసు. అవతల నిలబడేవారికి ఆ రుచి వెల తెలుసు. ఈ వారం వారి గురించి ఆలోచిద్దాం.

భట్టీ దగ్గర

అరబ్బుల హరీస్ నిజాంల కాలంలో హైదరాబాద్ చేరి, ఇక్కడి మసాలాలనూ నెయ్యినీ కలుపుకొని హలీమ్‌గా మన వంటకమైపోయింది. 2010లో హైదరాబాదీ హలీమ్‌కు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. ఆ గుర్తింపు వెనుక ఉన్నది వండే పద్ధతి. ఇటుకలు, మట్టితో కట్టిన భట్టీలో పెద్ద దేగ్‌ను అమర్చి, కట్టెల మంట మీద మాంసం, గోధుమలు, పప్పులు గంటల తరబడి ఉడికిస్తారు. ఆ తర్వాత అసలు పని మొదలవుతుంది. ఇద్దరు మనుషులు చెరొక పొడవాటి కర్ర గోట్నీ పట్టుకొని, మాంసమూ గోధుమా ఏకమై ముద్దగా మారేదాకా మెదుపుతూనే ఉంటారు. చేయి ఆగితే అడుగంటుతుంది. అడుగంటితే దేగ్ మొత్తం వృథా.

ఈ పనిచేసేవారిలో చాలామంది రోజాతోనే ఉంటారు. చాంద్రమాన మాసం గనుక రంజాన్ ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2018లో అది మే నెల నడుమ మొదలైంది. పైన ఎండ, ఎదుట మంట, గొంతులో దాహం. అలాంటి రోజున గోట్నీ పట్టినవాడి చొక్కా మీద చెమట ఎండి తెల్లని ఉప్పు చారలు కడుతుంది. మాటల్లో పెట్టినపుడు వారు చెప్పేది ఒకటే: “ఆకలి పెద్ద సంగతి కాదు మౌల్వీ సాబ్, అసర్ దాటాక మంట ముందు దాహమే కష్టం.”

వారికి తెలిసిన సంగతులు

కౌంటర్ దగ్గర వడ్డించేవాడికి మనుషులు తెలుసు. ముఖం చూసి, వీరు రోజాతో వచ్చారు, వీరు సరదాకు వచ్చారు అని పోల్చుకోగలడు. ఎక్కువ కోపం ఎప్పుడు వస్తుందో కూడా తెలుసు: మగ్రిబ్ అజాన్‌కు ముందు చివరి పది నిమిషాల్లో. రోజా ఓర్పు నేర్పాలి. కాని పార్సిల్ రెండు నిమిషాలు ఆలస్యమైతే ఆ ఓర్పు ఎటు పోతుందో ప్రతి సాయంత్రం చూసేది అతడే. ఇప్పుడు ఫోన్ ఆర్డర్లు కూడా వచ్చి చేరాయి. ఎదుట వరుస, పక్కన బ్యాగు వేసుకొని తొందరపెట్టే డెలివరీ కుర్రాడు. ఇద్దరికీ సమాధానం చెప్పాల్సింది వడ్డించే ఆ ఒక్కడే.

అజాన్ వినబడుతుంది. మనం దస్తర్‌ఖాన్ ముందు కూర్చుంటాం. అతడు ఒక ఖర్జూరం నోట్లో వేసుకొని, గుక్కెడు నీళ్లు తాగి, మళ్లీ గరిటె పట్టుకుంటాడు. తరావీహ్ వేళకు గిరాకీ మళ్లీ పెరుగుతుంది. మస్జిద్ నుంచి వచ్చేవారికి వడ్డించేవాడు తాను మస్జిద్‌కు వెళ్లలేకపోతాడు. ఆ లోటు అతని మనసుకు తెలుస్తూనే ఉంటుంది.

ఏ దేగ్ ఎప్పుడు తెరిచారో, ఏది మళ్లీ వేడి చేసిందో కూడా అతనికి తెలుసు. మర్యాదగా అడిగితే నిజం చెప్పేవారే ఎక్కువ. కసిరి అడిగితే ఎవరు మాత్రం చెబుతారు? ఇంకొకటి, కాలిన చేతికి పసుపో, టూత్‌పేస్టో రాసి పనిలోకి దిగడం వంటశాలల్లో అలవాటు. కాలిన చోటును వెంటనే చల్లని కుళాయి నీటి కింద ఇరవై నిమిషాలు ఉంచాలని వైద్యులు చెబుతారు. ఆ ఇరవై నిమిషాలు అతనికి ఇవ్వాల్సింది యజమానే.

పండుగ తర్వాత భట్టీలు పడగొడతారు. దానితో చాలామంది పని కూడా ముగుస్తుంది. అందుకే ఆ నెల మజూరి పండుగకు ముందే చేతికందడం ముఖ్యం. చాంద్ రాత్ నాడు పిల్లలకు బట్టలు కొనాల్సిన డబ్బు పండుగ అయిన వారానికి వస్తే ఏం లాభం?

చట్టం, ధర్మం

ఇది ఒక్క మన నగరం సంగతే కాదు. అమెరికాలో బర్గర్ దుకాణాల కౌంటర్ల వెనుక పనిచేసేవారు 2012 నవంబర్‌లో న్యూయార్క్‌లో పని మానేసి వీధిలోకి వచ్చారు. గంటకు 15 డాలర్ల వేతనం కావాలన్నారు. ఆ గొంతు ఇతర నగరాలకూ పాకింది. 2024 ఏప్రిల్ నుంచి కాలిఫోర్నియాలో పెద్ద ఫాస్ట్ ఫుడ్ సంస్థలు గంటకు కనీసం 20 డాలర్లు ఇవ్వాలని చట్టం వచ్చింది.

మనకూ చట్టాలున్నాయి. ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం వారానికి 48 గంటల పని, వారానికొక సెలవు, అదనపు గంటలకు రెట్టింపు వేతనం అని చెప్పింది. 14 ఏళ్లలోపు పిల్లలను హోటళ్లలో, ధాబాల్లో పనికి పెట్టడం 2006 అక్టోబర్ నుంచి నిషిద్ధం. అయినా బల్లలు తుడిచే ‘ఛోటూ’ ఇంకా అక్కడక్కడా కనిపిస్తూనే ఉన్నాడు.

చట్టం కన్నా ముందే మనకు ధర్మం ఉంది. కూలివాడి చెమట ఆరకముందే అతని మజూరి ఇవ్వాలని దైవప్రవక్త (స) బోధించారు. పని పూర్తిగా చేయించుకొని కూలి ఎగ్గొట్టినవానికి ప్రళయదినాన స్వయంగా అల్లాహ్‌యే ప్రతివాది అవుతాడని హెచ్చరించారు. మరో బోధన మన విషయానికి ఇంకా దగ్గరిది. సేవకుడు భోజనం తెచ్చినపుడు అతణ్ణి పక్కన కూర్చోబెట్టుకోవాలి. అది కుదరకపోతే కనీసం ఒకటి రెండు ముద్దలైనా ఇవ్వాలి. కారణం కూడా ప్రవక్తే (స) చెప్పారు: దాని వేడిని, శ్రమను భరించింది అతడే గనుక. భట్టీ ముందు నిలబడినవాణ్ణి చూసినపుడు ఈ మాట గుర్తుకు రాకుంటే ఎలా?

మనం చేయగలిగింది

యజమాని సోదరులకు మా విన్నపం ఇది. మగ్రిబ్ వేళ కౌంటర్‌ను పదిహేను నిమిషాలు మూయండి. ఆ సమయంలో కొనేవారు కూడా ఇఫ్తార్‌లోనే ఉంటారు, నష్టం స్వల్పం. పనివారంతా కూర్చొని రోజా విప్పుకుంటారు, నమాజు చేసుకుంటారు. తరావీహ్‌కు వంతులు వేయండి. మజూరి లెక్క చాంద్ రాత్‌కు ముందే తేల్చండి.

కొనే మనం కూడా కాస్త ముందుగా వెళదాం. “ఏయ్” అని కాక “భాయ్” అని పిలుద్దాం. ఇంట్లో పిల్లలకు గిన్నె అందిస్తూ, దీని వెనుక ఎందరి చేతులు నొచ్చాయో చెబుదాం. ఇఫ్తార్ వేళ చేసే దుఆ స్వీకృతమవుతుందని మన విశ్వాసం. ఆ దుఆలో భట్టీ దగ్గర నిలబడిన మన సోదరుణ్ణి కూడా చేర్చుకుందాం. దుఆతోపాటు అతని హక్కు కూడా అతనికి అందేలా చూద్దాం.