పళ్ళ మీద గార – రసాయన బంధం

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చిన మనకు, పళ్ళ మీద సున్నపు మచ్చలో గోధుమరంగు చారలో ఉన్నవాళ్ళు కొత్త కాదు. "పళ్ళు తోముకోవా?" అని వాళ్ళను అడిగేవాళ్ళూ కొత్త కాదు. తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! ఆ చారలు ఎంత తోమినా పోవు. అది మురికి కాదు, నీళ్ళలోని ఫ్లోరైడు చేసిన పని. సైన్సు పుస్తకంలో చదివే రసాయన బంధం మన నోట్లోనే ఉందన్నమాట.

ఒక మూలకపు పరమాణువు మరో మూలకంతో ఎందుకు కలుస్తుంది? "బాహ్య కక్ష్యలో ఎనిమిది ఎలక్ట్రాన్ల కోసం" అని రాస్తాం, మార్కులూ వస్తాయి. కానీ పరమాణువుకు కోరికలుండవు. అసలు సంగతి శక్తి. పెనుకొండ కొండ మీద జారిన బండ కిందికే దొర్లుతుంది గాని పైకి పోదు. కింద దాని శక్తి తక్కువ. అలాగే విడిగా ఉన్నప్పటి కంటే కలిసినప్పుడు మొత్తం శక్తి తగ్గేటట్లుంటే పరమాణువులు కలుస్తాయి. మిగిలిన శక్తి వేడిగానో వెలుగుగానో బయటపడుతుంది. నియాన్ లాంటి జడవాయువుకు అలా తగ్గే దారి లేదు, అందుకే ఒంటరిగా ఉంటుంది.

ఫ్లోరిన్ పరమాణు సంఖ్య 9, అమరిక 2, 7. చాలా చిన్న పరమాణువు. కేంద్రకానికీ బయటి ఎలక్ట్రాన్లకూ మధ్య అడ్డు రెండే ఎలక్ట్రాన్లు. కాబట్టి బంధంలో ఎలక్ట్రాన్లను తనవైపు లాక్కోవడంలో దాన్ని మించిన మూలకం లేదు. ఇంత దురుసుది కనుకనే దాన్ని విడిగా పట్టుకోవడం ఎందరివల్లా కాలేదు. 1886లో ఫ్రాన్సు శాస్త్రవేత్త హెన్రీ మోయిసాన్ సాధించాడు. కాల్షియం అమరిక 2, 8, 8, 2. చివరి రెండు ఎలక్ట్రాన్లు కేంద్రకానికి దూరం. వాటిని వదలడానికి కొంత శక్తి ఖర్చవుతుంది. అయితే ధన, రుణ అయాన్లు దగ్గరగా చేరి పట్టుకున్నప్పుడు ఆ ఖర్చును మించి శక్తి తగ్గుతుంది. అలా ఏర్పడే కాల్షియం ఫ్లోరైడు నీళ్ళలో సరిగా కరగదు.

మన నీళ్ళలో ఉండేది ఫ్లోరిన్ వాయువు కాదు, ఇప్పటికే ఒక ఎలక్ట్రాన్ పుచ్చుకున్న ఫ్లోరైడు అయాన్. మన నేల కింది గ్రానైటులోని ఖనిజాల నుంచి కొద్దికొద్దిగా దిగుతుంది. నీళ్ళలో కాల్షియం బాగా ఉంటే దాన్ని పట్టి అడుగున కూర్చోబెట్టేది. కాల్షియం తక్కువ, సోడియం, బైకార్బనేటు ఎక్కువ ఉన్న బోర్లలో అది అలాగే నిలిచిపోతుంది.

ఒంట్లోకి చేరాక ఫ్లోరైడు కాల్షియం ఉన్న చోటికే పోతుంది. అంటే పళ్ళు, ఎముకలు. అక్కడి కాల్షియం ఫాస్ఫేటు స్ఫటికాల్లో హైడ్రాక్సైడు అయాన్ స్థానంలో కూర్చుంటుంది. రెండింటి ఆవేశం ఒకటే, పరిమాణమూ దగ్గరే. కొద్దిగా అయితే పన్ను గట్టిపడుతుంది, పేస్టులో కలిపేది అందుకే. ఎనిమిదేళ్ళ లోపు, పళ్ళు తయారయ్యే వయసులో ఎక్కువైతే ఎనామిల్ చెడుతుంది. ఏళ్ళ తరబడి తాగితే కీళ్ళు బిగుసుకుంటాయి, నడుము వంగుతుంది. మన దేశంలో ఈ జబ్బును 1937లో తొలిసారి వివరించింది నెల్లూరు జిల్లా పల్లెలను చూసే.

తాగేనీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే దారి లేకుంటే 1.5 వరకు. కాచితే పోదు. నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది! క్యాండిల్ ఫిల్టరూ ఆపలేదు. ఆర్.ఓ. యంత్రం తీస్తుంది. పటిక, సున్నం కలిపి తేర్చే నల్గొండ పద్ధతీ ఉంది.

మరో ముచ్చట. జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 2002లో ప్రచురించిన ఒక పరిశోధన సాంఘిక సంక్షేమ బాలుర హాస్టల్లోనే జరిగింది. 18 మంది పిల్లలు 18 రోజులు మధ్యాహ్న భోజనంతో రోజుకు 10 గ్రాముల చింతపండు తిన్నారు. మూత్రంలో పోయే ఫ్లోరైడు రోజుకు 3.5 నుంచి 4.8 మిల్లీగ్రాములకు పెరిగింది. హాస్టలు చారును వెక్కిరించేవాళ్ళు గమనించాలి! అయినా చింతపండు మంచినీళ్ళకు బదులు కాదు.

వార్షికోత్సవానికి ఏమివ్వమంటారని అడిగే పాత విద్యార్థులకు ఒక మనవి. ముందుగా హాస్టలు బోరు నీళ్ళను శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో పట్టించి, వార్డెన్ గారి ద్వారా గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలకు పంపించండి. ఫ్యాన్లా, ఆర్.ఓ. యంత్రమా అన్నది ఆ రిపోర్టు చూశాక తేల్చుకోవచ్చు.